ఊదకూడని ఈల

నేను ఒక ఇత్తడి ఈలని. ఉత్తరాదిలో ఎక్కడో ఒక కార్ఖానాలో రేకు కత్తిరించి, వంచి, అతికించి, కడుపులో చిన్న బెండు గుండు పడేసి నన్ను తయారుచేశారు. ఆ గుండు గిరగిరా తిరిగితేనే నాకు గొంతు లేస్తుంది. ఒక్కసారి లేచిందా, ఎంతటివాడైనా తిరిగి చూడాల్సిందే. ఈ మాట గొప్పకి చెప్పడం లేదు, ఉన్నదే చెబుతున్నాను.

మొదట నన్ను మెడలో వేసుకున్నది సింహాచలం అనే ట్రాఫిక్ కానిస్టేబులు. విజయనగరం గంటస్తంభం దగ్గర ఎండలో నిలబడి లారీలని, రిక్షాలని, దారి తప్పిన ఆవులని అదిలించడం మా ఇద్దరి ఉద్యోగం. అక్కడే మనుషుల సంగతి నాకు బాగా తెలిసింది. నన్ను ఊదగానే గతుక్కుమని ఆగేవాడు ఏ తప్పూ చేయనివాడు. తప్పు చేసినవాడికి సరిగ్గా అప్పుడే చెవుడొచ్చేది.

ఆయన రిటైరయ్యే నాటికి కోడలు గౌరీశ్వరికి హైస్కూల్లో ఆటల టీచరుగా ఉద్యోగం వచ్చింది. ఆమె చేరే రోజు పొద్దున్నే నన్ను చింతపండుతో తళతళలాడేలా తోమి ఆమె చేతిలో పెట్టాడు.

"నా ఊపిరంతా రోడ్డు దుమ్ములో కలిసిపోనాదమ్మా. నువ్వు పిల్లల కోసం ఊదు," అన్నాడు.

నిజంగానే నాకు అదృష్టం పట్టింది. గౌరీశ్వరి ఆడపిల్లలకి ఖో-ఖో నేర్పేది. నన్ను ముందు పళ్ల మధ్య బిగించి, రెండు చేతులతో సైగలు చేస్తూ మైదానమంతా తిరిగేది. ఒకరోజు ఒక పిల్ల పరుగెత్తుకొచ్చి స్తంభానికి గుద్దుకోబోతే, ఆమె మధ్యలోకి దూకి అడ్డం నిలబడింది. పిల్ల తల ఆమె మూతికి తగిలింది. పిల్ల బతికిపోయింది. టీచరు ముందు పన్ను ఊడిపోయింది.

అప్పటికి పని జరిగితే చాలని తీసి పెట్టుకునే పన్ను ఒకటి పెట్టించుకుంది. తర్వాత చూద్దాం, సెలవుల్లో చూద్దాం అంటూ ఏళ్లు గడిపేసింది. ఊరి పిల్లలందరి మోకాళ్లకీ మందు రాసే మనిషికి తన నోటి సంగతి పట్టలేదు. ఈలోగా ఆ చోట ఎముక అరిగి, పెట్టుడు పన్ను వదులైంది.

మండలం పోటీల రోజు హెడ్మాస్టర్లందరూ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఎవరో ఫౌల్ చేశారు. ఆమె బలంగా ఊదింది. ముందు నేను నోట్లోంచి జారాను, నా వెనకే పన్ను ఎగిరి వెళ్లి మట్టిలో పడింది. మైదానమంతా ఒకటే నవ్వు. జట్టు కెప్టెన్ ఢిల్లేశ్వరి ఒక్కతే నవ్వకుండా వెళ్లి, దాన్ని వెతికి, గుప్పిట్లో పెట్టి తెచ్చి ఇచ్చింది. గౌరీశ్వరి కూడా అందరితోపాటు నవ్వింది. ఇంటికొచ్చాక బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చింది. నేను ఆమె మెడలోనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు.

మర్నాడే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. కదలని పన్ను బిగించాలంటే ముందు అక్కడ ఎముక ఉండాలని, గడ్డం దగ్గర్నుంచి కాస్త గీసి తెచ్చి ఆ గుంతలో నింపాలని ఆయన చెప్పాడు.

"అంటే మన పొలంలో మట్టితోనే మన గుంత పూడ్సడం," అన్నాడు పక్కనున్న సింహాచలం.

"అంతే. కానీ అది అతుక్కోకపోతే పన్ను బిగించడానికి చోటు మిగలదు. ఇక జన్మంతా ఆ పెట్టుడు పన్నే. నేను చెప్పేదాకా ఊదకూడదు, స్ట్రాతో పీల్చకూడదు, గట్టిగా ఉమ్మకూడదు. ఈల మాట అసలు ఎత్తొద్దు."

పుట్టి ఇన్నేళ్లయింది, నన్ను పథ్యంలో చేర్చడం అదే మొదటిసారి.

ఆపరేషనయ్యాక గౌరీశ్వరి మొహం బూరెలా పొంగింది. భర్త ఉద్యోగం పరాయి ఊళ్లో కావడంతో ఇల్లంతా సింహాచలం చేతుల్లోకి వచ్చింది. రాగి జావ కాచి, ఫ్యాను కింద చల్లార్చి ఇచ్చేవాడు. పెరుగన్నం మెతుకు కనబడకుండా మెదిపేవాడు. తువ్వాల్లో ఐసు చుట్టి బుగ్గకి పెట్టించేవాడు. ఆమె ఆవకాయ జాడీ వైపు చూసిందంటే చాలు, లారీని ఆపినట్టు ఆయన కుడి చెయ్యి నిటారుగా లేచేది. నన్ను మాత్రం తన చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇది నా దగ్గరుంటాది. డాక్టరు సెప్పినాడు కదేటి," అన్నాడు.

ఇంతలో జిల్లా ఎంపికలు దగ్గరపడ్డాయి. టీచరు బదులు బళ్లో డ్రాయింగు మాస్టారిని పెడితే, ఆయన కుర్చీలోంచి లేవడం లేదట. ఒక సాయంత్రం ఢిల్లేశ్వరి జట్టునంతా వెంటబెట్టుకుని ఇంటికే వచ్చేసింది. గౌరీశ్వరి నోరు మెదపకుండా ఇంటి ఎదురుగా ఉన్న ఖాళీ స్థలం వైపు వేలు చూపించింది. పిల్లలు రెండు వెదురు కర్రలు పాతి ఆట మొదలుపెట్టారు. ఆమె అరుగు మీద మామగారి పక్కన ఐసు మూట పట్టుకుని కూర్చుంది.

కాసేపటికి ఢిల్లేశ్వరి తరుముతూ తరుముతూ మధ్యలో వెనక్కి తిరిగింది. ఖో-ఖోలో అది ఫౌల్. ఎవరూ గమనించలేదు. గౌరీశ్వరి చెయ్యి అలవాటుగా గుండెల మీదికి పోయింది, అక్కడ నేను లేను. ఒక్క ఉదుటున లేచి మామగారి జేబులోంచి నన్ను లాగి పెదవుల మధ్య పెట్టుకుంది.

నేను ఊదించుకోవడానికే పుట్టినదాన్ని. అయినా ఆ క్షణంలో ఊదొద్దు తల్లీ, ఊదొద్దని వేడుకున్నాను. ఆమె ఛాతీ నిండుతోంది. ఆ గాలి నాలోకి వస్తే, గుంతలో వేసిన ఎముక అంతా కదిలిపోతుంది.

సింహాచలం ఆమెకి ఎదురొచ్చి నిలబడి కుడి చెయ్యెత్తాడు.

"ఆగు!"

ఎన్ని లారీలని నిలబెట్టిన చెయ్యో అది. గౌరీశ్వరి ఆగిపోయింది. ఊపిరి మెల్లగా ముక్కులోంచి వదిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను ఊదకపోతే వీళ్లు ఓడిపోతారు మావయ్యా," అంది, పెదవులు కదిలీ కదలకుండా.

"నీకు సెయ్యుంది. నాకు ఊపిరుంది. ఇంకేటి కావాలి?"

నన్ను కుళాయి కింద కడిగి ఆయనే నోట్లో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఆమె చెయ్యెత్తితే ఆయన ఊదేవాడు. ఆయనకి ఆట గురించి ఒక్క ముక్క తెలీదు. మొదటిరోజు ఊదిన ఊదుడికి వీధిలో పోతున్న స్కూటరతను బండాపి లైసెన్సు తీశాడు! ముసలి ప్రాణం, నాలుగు ఊదులకే ఆయాసం వచ్చేది. అయినా ఏ సాయంత్రమూ మానలేదు. పిల్లలకి మాత్రం టీచరు చేతి మీద చూపు నిలిచిపోయింది. ఈల మోగకముందే సైగ అందుకోవడం నేర్చారు. ఎంపికల్లో దుమ్ము రేపారు. జిల్లా జట్టులో సగం మంది మా బడి పిల్లలే.

వాపు తగ్గింది, కుట్లు విప్పారు. కొన్ని నెలలకి తీసిన ఎక్స్‌రే చూసి డాక్టరు, "ఎముక పట్టేసింది, రాయిలా ఉంది," అన్నాడు. సింహాచలం ఆ ఫిల్ముని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఏమీ అర్థం కాకపోయినా పొంగిపోయాడు. ఆ ఎముకలోనే మరమేకు బిగించి, అది కుదిరాక దానిమీద పన్ను కూర్చోబెట్టారు. ఇక ఊదుకోవచ్చన్నాడు డాక్టరు.

మళ్లీ మండలం పోటీలు వచ్చాయి. రెండు వేరే బళ్ల మధ్య ఫైనలుకి గౌరీశ్వరే రిఫరీ. మా పిల్లలు గట్టు మీద ఉన్నారు, వాళ్ల మధ్యలో సింహాచలం. ఆమె నన్ను పళ్ల మధ్య పెట్టుకుని గట్టిగా కరిచింది. ఆ పట్టు నాకు కొత్త. నా ఇత్తడి మీద చిన్న గాటు పడింది. పడనీ, దానికన్నా నాకు వేరే నగెందుకు? ఊపిరి నిండా తీసుకుని ఊదింది. మైదానం మారుమోగింది. పన్ను ఇసుమంతైనా కదల్లేదు.

ఆట నడిపినంతసేపూ ఎక్కడా తొణకలేదు. చివరికి ముగింపు ఈల ఊదింది. గెలిచినవాళ్లు కౌగిలించుకున్నారు, ఓడినవాళ్లు నీళ్ల దగ్గరికి నడిచారు. ఆమె మాత్రం ఆపలేదు. ఊపిరైపోతే మళ్లీ తీసుకుని ఊదుతూనే ఉంది. హెడ్మాస్టర్లు కుర్చీల్లోంచి లేచి ఏమైందోనని చూశారు. ఢిల్లేశ్వరి గట్టు దిగి పరుగెత్తుకొచ్చింది.

"టీచర్, ఆటైపోనాది! ఇంకా ఎందుకు ఊదుతున్నారు?"

గౌరీశ్వరి నన్ను నోట్లోంచి తీసింది.

"అయిపోయిందని నాకూ తెలుసే," అని నవ్వి, మళ్లీ ఊదింది.