సిల్వో చాటుమాటు పరుగులు

వేసవి వస్తే మా లోయలో పరుగెత్తేవాళ్లకు కొదవ లేదు. రంగురంగుల బట్టలేసుకుని, చెవుల్లో ఏవో దూర్చుకుని, సోచా నది వెంబడి పైకీ కిందికీ పరుగెత్తుతూనే ఉంటారు. అందరూ బయటివాళ్లే కాబట్టి మేం తలెత్తి కూడా చూడం. మా సిల్వో సంగతి వేరు. వాడు పరుగెత్తగా పుట్టి బుద్ధెరిగి ఎవరూ చూడలేదు.

వాడు బడిబస్సు డ్రైవరు. పొద్దున్నే పై ఊళ్ల పిల్లల్ని ఎక్కించుకుని దగ్గరి పట్నం బోవెట్స్‌లో బడి దగ్గర దింపుతాడు, మధ్యాహ్నం మళ్లీ ఇళ్లకు చేరుస్తాడు. ఈ మధ్యలో కూడా స్టీరింగు వదలకుండా దారిన పోయేవాళ్లతో కిటికీలోంచే కబుర్లాడుతుంటాడు. యాభై దాటాక పొట్ట స్టీరింగుకు తగలడం మొదలైంది. బోవెట్స్‌లో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ వాడి బీపీ చూసి, "రోజూ పరుగెత్తుతారా, మాత్రలు రాయమంటారా?" అనడిగిందట. మాత్రలంటే వాడికి చిన్నప్పటి నుంచీ భయం. నాకు తెలుసు, నేను వాడి పెదనాన్న కూతుర్ని. ఊళ్లో దుకాణం నాదే.

మొదటిరోజు శనివారం. దుకాణం ముందు ఆపిల్ బుట్టలు సర్దుతున్నాను. రోడ్డు మలుపులో సిల్వో కనిపించాడు. మొహం కందగడ్డలా ఉంది, నోరు తెరుచుకుని, చేతులు విసురుకుంటూ నేరుగా ఫైరింజన్ షెడ్డు వైపే వస్తున్నాడు. మా ఊళ్లో మగాళ్లందరిలాగే వాడూ ఫైరింజన్ దళంలో ఉన్నాడు. ఎక్కడో ఇల్లు అంటుకుందనుకున్నాను.

"ఒరేయ్ సిల్వో, ఎవరింట్లోరా?" అని అరిచాను.

వాడికి ఊపిరాడితే కదా మాట వచ్చేది. చెయ్యి మాత్రం ఊపాడు. ఏం లేదు అని దానర్థమట, నాకది కింది ఊరివైపు చూపించినట్టనిపించింది. "కింది ఊళ్లో అంటుకుందంట!" అని నేను కేకపెట్టాను. ఎదురుగా ట్రాక్టరు మీద వస్తున్న ఉర్బాన్ దాన్ని రోడ్డు మధ్యలోనే వదిలేసి సిల్వో వెనక లగెత్తాడు. ఇంకెవరో సైరన్ మోగించారు. గడ్డం సగమే గీసుకున్నవాళ్లు, బూట్లు తారుమారుగా తొడుక్కున్నవాళ్లు, అందరూ ఇంజను మీదికెక్కి బయల్దేరారు.

చర్చి మలుపులో సిల్వో ఒక స్తంభం పట్టుకుని రొప్పుతూ దొరికాడు.

"ఎక్కడ్రా మంట?" అన్నాడు ఉర్బాన్, భుజం మీద నీళ్ల గొట్టంతో.

"మంట లేదు, గింట లేదు. డాక్టరు పరుగెత్తమంది."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదురా బాబూ. ఊరికే."

"ఊరికేనా?" ఉర్బాన్ వాణ్ణి కిందినుంచి పైదాకా చూశాడు. "ఊరికే పరుగెత్తేవాడివి మొహం అలా పెట్టుకుని ఎందుకురా పరుగెత్తడం?"

ఆ వారమంతా సిల్వో ఎక్కడ కనబడితే అక్కడ "నీళ్లు కొట్టమంటావా సిల్వో?" అని అడగనివాడు లేడు. బడిపిల్లలు బస్సులో సైరన్ కూత కూశారు. వాడు నవ్వేసి ఊరుకున్నాడు గానీ, మళ్లీ రోడ్డు మీద పరుగెత్తలేదు. మానేశాడనే అనుకున్నాం.

మానలేదని తర్వాత తెలిసింది. పిల్లల్ని దింపి వచ్చాక బస్సును రంపపు మిల్లు వెనక పెట్టి, సీటు కింద దాచుకున్న బూట్లు వేసుకుని, ఊగే వంతెన దాటి అవతలి ఒడ్డుకు పోయేవాడు. అవతల అంతా అడవి. అయినా మా లోయ ఎంత ఇరుకంటే, ఈ ఒడ్డున తుమ్మితే ఆ ఒడ్డున వినబడుతుంది. అందుకని ఎవరి కంటా పడకుండా తనకో దారి కల్పించుకున్నాడు. మా దుకాణం వెనక కిటికీలోంచి అవతలి ఒడ్డు కనబడుతుందని అక్కడ నిట్టనిలువు గట్టెక్కి చెట్ల వెనకనుంచి పోయేవాడు. టూరిస్టులు గుడారాలు వేసుకునే మైదానం దగ్గర నది తెల్లరాళ్లలోకి దిగి వంగి వంగి దాటేవాడు. అక్కడే ఉన్న ఉర్బాన్ గుడిసె దగ్గర కుక్క మొరుగుతుందని దాని కోసం జేబులో ఎండు రొట్టె ముక్క పెట్టుకునేవాడు. కొన్నాళ్లకు ఆ కుక్క వాడికోసం ఎదురుచూడటం మొదలెట్టింది.

ఇంతలో వాడి భార్య దనీలాకు అనుమానం పట్టుకుంది.

డాక్టరు మాట విని ఆమె ఇంట్లో పొగబెట్టిన పందిమాంసం బంద్ చేసింది, బంగాళాదుంపలూ చీజూ కలిపి వేయించే ఫ్రికా బంద్ చేసింది. ఉడకబెట్టిన క్యాబేజీ పెట్టేది. ఆ క్యాబేజీ తిన్నవాడు నీరసంగా ఉండాలా? వీడు బుగ్గలు నిగనిగలాడుతూ, ఈల వేసుకుంటూ ఇంటికొస్తున్నాడు. ఒకనాడు దుకాణానికొచ్చి నా ముందు సంచీ ధడాలున పెట్టింది.

"వదినా, మీ తమ్ముడు దొంగతిండి తింటున్నాడు."

"ఎక్కడ తింటాడే?"

"ఇంకెక్కడ? ఆ పెళ్లీపెటాకుల్లేని ఉర్బాన్ గుడిసెలో! అవతలి గట్టున మాంసం పొగబెడతాడుగా. నిన్న మన సిల్వో చొక్కా వాసన చూశాను, పొగ వాసన. ప్యాంటు మోకాళ్లదాకా తడి. జేబులో రొట్టె నలుసులు."

"రొట్టె నలుసులా!" అన్నాను. ఇక అనుమానించడానికేముంది?

"రేపు నాతో రా వదినా. నోట్లో ముక్క ఉండగా పట్టుకోవాలి. సాక్షి లేకపోతే ఒప్పుకునే మనిషి కాడు."

మర్నాడు దుకాణానికి తాళమేసి వెళ్లాను. ఇద్దరం వంతెన దగ్గర కట్టెల మోపు వెనక నక్కాం. కాసేపటికి సిల్వో వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. బూట్ల తాడు బిగించాడు. ఒక్కసారిగా పరుగందుకున్నాడు.

దనీలా నా మోచెయ్యి గిల్లింది. "చూశావా? తిండికి ఎలా ఉరుకుతున్నాడో! నేను భోజనానికి పిలిస్తే ఏనాడైనా ఇలా వచ్చాడా?"

వెనకే బయల్దేరాం. నేను మొదటి గట్టు సగం ఎక్కేసరికే ఒక చెట్టుకు చేరబడ్డాను. దనీలా ఆగలేదు. ఆమె పై కొండల్లో గొర్రెల వెంట తిరిగి పెరిగిన పిల్ల, ఈ వయసులో కూడా ఆ కాళ్లు ఏమీ మర్చిపోలేదు. లంగా ఎత్తి పట్టుకుని గట్టెక్కేసింది. అవతల ఏం జరిగిందో తనే చెప్పింది.

ఉర్బాన్ గుడిసె చిమ్నీలోంచి పొగ వస్తోంది. కమ్మటి వాసన. సిల్వో ఆ పొగలోంచే పరుగెత్తి, కుక్కకు రొట్టె ముక్క విసిరి, ఆగకుండా ముందుకు పోయాడు. దనీలా నిర్ఘాంతపోయింది. ఆ వెంటనే కోపం రెట్టింపైంది. ఇక్కడ కాదంటే ఇంతకన్నా మంచి తిండి ఇంకెక్కడో దొరుకుతోందన్నమాట!

అలా తెల్లరాళ్లు దాటింది, నీళ్లు దాటింది, చెప్పు ఒకటి నదికి అర్పించింది. ఇంకా ముందున్న రెండో ఊగే వంతెన మీద గానీ వాణ్ణి అందుకోలేకపోయింది. ఇద్దరి బరువుతో వంతెన ఉయ్యాలలా ఊగింది. సిల్వో తాళ్లు పట్టుకుని వెనక్కి తిరిగాడు. జుట్టు రేగిపోయి, ఒంటిచెప్పుతో పరుగెత్తుకొస్తున్న పెళ్లాన్ని చూసి వాడి మొహం పాలిపోయింది.

"ఏమైందే? ఎవరికేమైంది? అమ్మకా?"

"నోరు తెరువు," అంది దనీలా.

"ఏంటి?"

"నోరు తెరవమన్నానా!"

తెరిచాడు. ఆమె వాసన చూసింది. క్యాబేజీ వాసన తప్ప ఇంకేమీ లేదు.

"మరి ఇక్కడికెందుకొచ్చావ్?"

"పరుగెత్తడానికి."

"పరుగెత్తి?"

"పరుగెత్తి వెనక్కొచ్చేస్తాను."

"నాకు చెప్పొచ్చుగా!"

"చెబితే నువ్వు మా అక్కకు చెబుతావు. మా అక్కకు చెబితే మళ్లీ సైరన్ మోగిస్తుంది."

ఇది విన్నాక ఇద్దరికీ నవ్వొచ్చింది. వంతెన ఊగుతూంటే ఇంకా నవ్వొచ్చింది. నేను జుట్టు నిండా ఆకులతో కుంటుకుంటూ అక్కడికి చేరేసరికి ఇద్దరూ వంతెన పలకల మీద కూలబడి కళ్లు తుడుచుకుంటున్నారు.

"నోట్లో ముక్క దొరికిందా?" అనడిగాను.

"నువ్వు కూడానా అక్కా!" అన్నాడు సిల్వో.

ఆ మర్నాటి నుంచి దనీలా కూడా పరుగుకు వెళ్లింది. బోవెట్స్ వెళ్లి బూట్లు కూడా కొనుక్కుంది. నా నోరు ఎలాగూ ఊరుకోదు కాబట్టి వారం తిరక్కుండా ఊరందరికీ తెలిసింది. ఉర్బాన్ తన కుక్కను లావెక్కిస్తున్నారని కొట్లాటకొచ్చి, తనూ వాళ్లతో కలిశాడు. చర్చి పాటల బృందంలో ఆడవాళ్లు కొందరు మొదలెట్టారు. అంతమంది తొక్కేసరికి అవతలి ఒడ్డున చక్కటి కాలిబాట పడింది.

శరదృతువులో టూరిజం సంఘం నుంచి ఒకమ్మాయి వచ్చింది. పరుగు దారులకు గుర్తులు వేసి బోర్డులు పెడతారట. సిల్వో వెంట దారంతా నడిచి చూసింది. నేనూ వెళ్లాను.

"ఇక్కడ ఒడ్డున ఇంత చదునైన నేలుండగా దారి ఈ గట్టెందుకెక్కుతోంది?" అనడిగింది ఆ అమ్మాయి.

సిల్వో నావైపు చూసి బూటు తాడు కట్టుకోవడానికి వంగాడు. దనీలా చెప్పేసింది. "అదుగో, అవతల కనబడుతోందే, అది మా వదిన కిటికీ."

నాకు ఒళ్లు మండింది. "నా కిటికీ నిన్నేం చేసిందిరా?"

"కిటికీ ఏం చేస్తుందక్కా? కిటికీలో నువ్వుంటావుగా!"

ఆ అమ్మాయి నవ్వాపుకుంటూ దారిని చదును మీదికి మారుద్దామంది. పరుగెత్తేవాళ్లెవరూ ఒప్పుకోలేదు. గట్టు లేకపోతే ఒంటికి చెమట పట్టదట, పైగా మలుపులో నది మొత్తం ఆకుపచ్చగా కనబడేది అక్కడొక్కచోటేనట. చివరికి బోర్డు మీద ఆ గట్టుకు నా పేరే రాశారు, "తోంచ్కా గట్టు" అని. ఇప్పుడు రాజధాని లుబ్లియానా నుంచి వచ్చినవాళ్లు కూడా దుకాణంలో చాక్లెట్లు కొంటూ, "అబ్బ, ఆ తోంచ్కా ప్రాణం తీసిందండీ" అని నాతోనే చెబుతారు. నేను తలూపి చిల్లర ఇచ్చేస్తాను.

సిల్వో బీపీ దిగింది. పొట్ట పెద్దగా తగ్గలేదు గానీ స్టీరింగుకు తగలడం మానింది. ఆదివారాలు ఫ్రికా మళ్లీ మొదలైంది. పరుగులో దనీలా ముందుపోయి రెండో వంతెన దగ్గర ఆగుతుంది, వాడు వెనకాల వచ్చి చేరతాడు.

మొన్న వసంతంలో ఒకనాడు వాడెంతకీ రాలేదట. ఆమె కంగారుపడి వెనక్కొచ్చి చూస్తే, తెల్లరాళ్ల మీద కూర్చుని బూట్లు విప్పి కాళ్లు నదిలో పెట్టుకున్నాడు. మంచు కరిగి వచ్చే నీళ్లు, కొరికేస్తాయి.

"ఎంతసేపు ఉంచగలనో చూస్తున్నాను," అన్నాడట.

"జరుగు," అని తనూ బూట్లు విప్పింది.

ఆ రోజు బోవెట్స్ బడి ముందు పిల్లలు బస్సు కోసం చాలాసేపు చూడాల్సొచ్చింది. సాయంత్రం తల్లులు అడిగితే, "డ్రైవరు మావయ్య వాళ్లావిడతో కాళ్లు తడుపుకుంటున్నాడంట, బస్సంతా తడి సాక్సులు ఆరేశాడు," అని చెప్పారు. కొందరు తల్లులు విసుక్కున్నారు. మా దుకాణంలో మాత్రం మర్నాడు పొద్దున ఇద్దరు మొగుళ్లు తమ భార్యల కాళ్లకు ఏ సైజు పరుగు బూట్లు పడతాయో నన్నడిగారు.