కోడు చుట్టూ తెల్లజాగా

మిర్యాలగూడలో ఉమారాణి ప్రింటింగ్ షాపు ముందు లారీ నిలబడి ఉంది. పత్తి విత్తనాలు నింపే ఖాళీ ప్యాకెట్ల కట్టలు ఎక్కించడమే తరువాయి. సూర్యాపేట విత్తన కంపెనీ నుంచి వచ్చిన ప్రభుదాస్ ఒక చిన్న యంత్రాన్ని బల్ల మీద పెట్టాడు. ప్యాకెట్ మీది క్యూఆర్ కోడు ఎంత బాగా అచ్చయిందో అది గ్రేడు వేసి చెబుతుంది. ఏ, బి వస్తే సరుకు కదులుతుంది. తగ్గితే ఈ సీజను ఆర్డరంతా కోదాడ ప్రెస్సుకు పోతుంది.

"ఫోన్ పెడితే టక్కున చదువుతది సారూ. మళ్ల గీ పరీక్ష దేనికి?" అంది ఉమారాణి.

"ఫోన్ తల్లి లెక్క అక్కా. పిల్ల ఎంత నత్తిగ మాట్లాడినా సమజ్ చేసుకుంటది. గోదాంల బెల్టు మీది స్కానర్‌కు అంత ఓపికుండదు."

ఉమారాణి నవ్వింది గానీ కింది కట్టల వైపు చూడలేదు. పై కట్టలకు భయం లేదు, అవి మొదట అచ్చయినవి. అవి అచ్చయ్యాకే ఆమె కన్ను కోడు చుట్టూ ఉన్న తెల్లజాగా మీద పడింది. ఖాళీ జాగా చూస్తే ఆమెకు కిరాయికి పోని గదిని చూసినట్టుంటుంది. కంపెనీ వద్దన్నా, కోడుకు ఆనించి చిన్న అక్షరాల్లో తన షాపు పేరు, నంబరు వేయించింది. కింది కట్టలన్నీ అవే.

ప్రభుదాస్ చెయ్యి కట్టల మీద తిరుగుతుంటే ఆమె కళ్లు దాని వెంటే తిరిగాయి. అతను పై కట్టల్లోంచే నాలుగు లాగాడు. తెర మీద ఏ పడింది.

"పాసయినవ్ అక్కా."

"ఎక్కియ్యమంటవా ఉమమ్మా?" అన్నాడు ప్రెస్సు నడిపే లచ్చయ్య.

ఆమె కింది కట్టల వైపు చూసింది. రేపు తిరుమలగిరిలో ఏ రైతో అసలు విత్తనమా కాదా అని పాత ఫోన్ పెట్టి చూస్తాడు. చదవదు. నకిలీ విత్తనమని డీలరు మొహాన కొడతాడు. ఎవరిని పట్టుకోవాలో వెతకనక్కర్లేదు, కోడు పక్కనే తన నంబరు ఉంది. తిట్టేవాళ్లకు అడ్రసు తానే అచ్చేసి ఇచ్చింది. ఇవాళ పోతే ఒక ఆర్డరు, అప్పుడు పోతే దుకాణం.

"ఆగు సారూ. కింది కట్టల నుంచి ఒకటి తీసి సూడు."

"నీకేమన్న పిచ్చి లేసిందా అమ్మా?" లచ్చయ్య గొణిగాడు.

ఎఫ్ పడింది, అన్నిటికంటే అడుగు గ్రేడు. ప్రభుదాస్ ప్యాకెట్‌ను కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "గీ అక్షరాలు ఎవరియి?"

"నాయే."

"గీ తెల్లజాగానే కోడుకు ఊపిరి. నీ పేరుతోని దాని గొంతు పిసికినవ్ గదక్కా!"

అతను బయటికి వెళ్లి కంపెనీకి ఫోన్ చేశాడు. లోపలికి ముక్కలే వినిపించాయి. "లేదు సార్... ఆమెనే చెప్పింది సార్..."

"కింది కట్టలు మళ్ల అచ్చెయ్యాలె, ఖర్సు నీదే," అన్నాడు వచ్చి. "అవి పాసయితే ఆర్డరు ఉంటది. లేకుంటే ఖతం."

"లచ్చయ్యా, నా పేరు లేని మొదటి ప్లేటు ఎక్కియ్యి."

"నంబరన్న ఉంచుదామా?"

"సుక్క గూడ వద్దు!"

ప్రెస్సు కదిలింది. మొదటి ప్యాకెట్ ఆరేదాకా ఆమె కొంగుతో విసురుతూనే ఉంది. ప్రభుదాస్ దాన్ని యంత్రం కింద పెట్టాడు. ఏ పడింది.

"ఇంకోటి పెట్టు," అంది ఉమారాణి, కొత్త కట్ట అడుగు నుంచి లాగి ఇస్తూ.