ముప్పై ఒకటో కుండీ

చంద్రమ్మ పొద్దున్నే ఆరున్నరకు ఖాజాగూడలో షేర్ ఆటో ఎక్కుతుంది. ఏడయ్యేసరికి అద్దాల బిల్డింగు వెనక గేటు దగ్గర వేలిముద్ర వేసి, సర్వీసు లిఫ్టులో ఆరో అంతస్తుకు చేరుతుంది. కంప్యూటర్ల వాళ్ళు తొమ్మిదింటికి గానీ రారు కాబట్టి ఆ రెండు గంటలూ అంతస్తంతా ఆమెదే. అక్కడ ముప్పై కుండీలున్నాయి, ముప్పైట్లోనూ ఒకటే మొక్క, ఆంథూరియం. దాని పువ్వు ఆకులాగే ఉంటుంది, కాకపోతే ఎర్రగా, నూనె రాసినట్టు మెరుస్తుంది.

పనేమీ బ్రహ్మవిద్య కాదు. చూపుడువేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చాలి. చల్లగా తగిలితే నీళ్ళు పోయకూడదు, పొడిగా తగిలితే ఒక గ్లాసు పోయాలి. ఏసీ గాలికి ఆకుల మీద పేరుకున్న దుమ్మును తడిగుడ్డతో తుడవాలి. వాడిన పువ్వును కాడ మొదట్లో కత్తిరించాలి. వారానికోసారి కుండీని కాస్త తిప్పి పెట్టాలి, లేకపోతే మొక్క అద్దం వైపే వాలిపోతుంది. ఇవి చాలనట్టు, పెద్ద చదువులు చదివిన మహానుభావులు తాగగా మిగిలిన కాఫీని మొక్క మొదట్లోనే ఒంపుతారు. లక్షల జీతం తీసుకునేవాడికి సింకు ఎక్కడుందో తెలియదంటే నమ్మాలి మరి. ఆ మట్టి తీసి కొత్త మట్టి వేయడం కూడా చంద్రమ్మ పనే.

పువ్వుకు ఆ ఎరుపు మాత్రం పెంచేవాళ్ళ ఒంట్లోంచి పోతుంది. లేకపోతే ఎక్కణ్ణించి వస్తుంది? ఏ చేయి వరసగా మూడు రోజులు నీళ్ళు పోస్తే మొక్క ఆ చేతిది అవుతుంది. ఆ తర్వాత ఆ మనిషి ఎక్కడున్నా తనకు కావలసింది అది తీసుకుంటుంది. మగవాళ్ళ చేతిని ఆ మొక్క పట్టించుకోదు, ఎందుకని ఎవరూ అడగలేదు. మొక్కల్ని ఆఫీసులకు అద్దెకిచ్చే కంపెనీ వాళ్ళు మనిషికి ముప్పై కుండీలని పెట్టారు. ముప్పై దాటితే ఒళ్ళు తట్టుకోదు. నెలకోసారి సూపర్‌వైజర్ మధుకర్ వచ్చి, పనివాళ్ళను కిటికీ దగ్గర నిలబెట్టి, కింది కనురెప్ప లాగి చూస్తాడు. లోపల పాలిపోయి ఉంటే రెండు నెలలు ఇంట్లో ఉండమంటాడు. దాన్ని రెస్టు అంటారు. రెస్టు మొక్కలకూ ఉంది, నర్సరీలో, నీడలో, ఎరువు వేసి మరీ ఇస్తారు. మనుషుల రెస్టుకు జీతం ఉండదు.

పధ్నాలుగేళ్ళుగా చంద్రమ్మది ఇదే పని. భర్త పోచయ్య బాలానగర్‌లో లేతు మిషన్ల షెడ్డులో పనిచేస్తూ పోయినప్పటి నుంచి కూతురు స్వప్నను ఈ ఎర్రపూల మీదే సాకింది. ఇంటర్ దాకా చదివించింది, క్యాబ్ నడిపే అనిల్‌కిచ్చి పెళ్ళి చేసింది. ఇప్పుడు స్వప్నకు ఏడో నెల. పురిటికి తల్లి ఉంటున్న ఒంటి గదికి వచ్చింది. ఆస్పత్రిలో రక్తం చూసి తొమ్మిది ఉందన్నారు. ఇంతకన్నా తగ్గకుండా చూసుకోమని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. తల్లీకూతుళ్ళిద్దరిదీ ఓ నెగెటివ్, కావాలన్నప్పుడు దొరికే రక్తం కాదు. కాన్పు నాటికి తగ్గితే తల్లినీ బిడ్డనూ దక్కించుకోవడం కష్టమని ఆమె దాచకుండా చెప్పింది.

ఆ మాట విన్న రోజు నుంచి చంద్రమ్మకు అన్నం సహించలేదు. బీట్‌రూట్లు తెచ్చింది, బెల్లం తెచ్చింది, రాగిజావ కాచింది. అవన్నీ చేసినా మనసు నిలవక, ఒక కుండీ కూడా తెచ్చింది. పని మానేసి ఊరికి పోయిన ఒకామె వదిలేసిన మొక్క అది. వేరు సగం కుళ్ళి ఆమె చేతిని కూడా విడిచేసింది, ఇక ఎవరి చేయీ లేనిదని కింద సెల్లారులో పడేశారు. దాని మీద ఒకే ఒక పువ్వు ఉంది. ఆంథూరియం పువ్వు విచ్చితే రెండు నెలలు వాడదు. కడుపుతో ఉన్నమ్మాయి రోజూ ఎరుపు చూస్తే బిడ్డకు రక్తం పడుతుందని చంద్రమ్మ తల్లి చెబుతుండేది. చేతికి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని మొక్క వేళ్ళు కడిగి, కొత్త మట్టిలో పెట్టి, స్వప్న మంచానికి ఎదురుగా కిటికీలో ఉంచింది. చూడు గానీ ముట్టకు అని ఒకటికి పదిసార్లు చెప్పింది. పక్కగది అనసూయమ్మ తొంగిచూసి, మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనెట అని నవ్వింది.

పదిహేను రోజులకు రెండో పువ్వు వచ్చింది. తర్వాత మూడు, నాలుగు. చంద్రమ్మ చూసింది. కవరుకు చిల్లు ఉండి ఉంటుంది, మొక్క తన చేతికే అలవాటు పడింది కాబోలు అనుకుంది. ముప్పై కుండీలకు పోతున్నది ముప్పై ఒకటికి పోతుంది, పోతే పోనీ, కూతురి కళ్ళ ముందే కదా పూస్తున్నదని లోలోపల సంతోషపడింది కూడా. పిచ్చి తల్లి.

ఎనిమిదో నెల పరీక్షలో స్వప్న రక్తం ఆరున్నరకు పడిపోయింది. నర్సు కాగితం మీంచి తలెత్తకుండానే పూల పని చేస్తున్నావా అని అడిగింది. లేదంది స్వప్న. నర్సు ఆ అమ్మాయి వేళ్ళు పట్టుకుని, గోళ్ళ సందుల్లో మట్టి చూసి, పని అన్న చోట "పూలు" అని రాసి పేజీ తిప్పేసింది.

ఇంటికి వచ్చి గదిలో అడుగుపెట్టాక చంద్రమ్మ అడిగింది.

"నీళ్ళు పోసినవా బిడ్డా?"

"ఎండిపోతున్నదని పోసిన. పక్కన బిల్డింగు కడుతుండ్రు గదమ్మా, ఆకుల మీద అంతా సిమెంటు దుమ్మే. పొద్దంత దాని ముంగటనే పండుకుంటి, సూస్తా ఊకోబుద్ధి కాలె. తుడిచిన."

ఆ తుడవడం నేర్పింది ఎవరు? ఆకును కింద అరచేతితో పట్టి పైన గుడ్డతో సుతారంగా రాయాలని, ఐదేళ్ళ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది చంద్రమ్మే. కంచే చేను మేసినట్టయింది. కిటికీలో పువ్వులు లెక్కపెడితే పదకొండు తేలాయి. ఆఫీసులో ఏ కుండీకీ మూడుకు మించి పూసినట్టు ఆమె ఎరగదు. కడుపుతో ఉన్న మనిషి రుచి తగిలిన మొక్క మరి.

దాన్ని పీకి పారేయడానికి లేదు. మొక్క చస్తే అందులోకి పోయిన ఎరుపు కూడా దాంతోపాటే పోతుంది, మనిషి మంచం పడుతుంది. ఇంకో చేయి దాన్ని అందుకోవాలి, అదొక్కటే దారి. అనిల్ వారం రోజులు క్యాబ్ ఆపి మరీ వచ్చి నీళ్ళు పోశాడు. మొక్క అతణ్ణి లెక్కచేయలేదు. అనసూయమ్మను అడిగితే ఆమె లోపలికి పోయి గడియ పెట్టుకుంది. ఆమెను తప్పుపట్టడానికి లేదు.

చంద్రమ్మ ముందు ఆస్పత్రికి పోయి తన రక్తం తీసి కూతురి కోసం పెట్టమంది. వేలికి సూది గుచ్చి చూశారు. ఏడు. "నీకే ఎక్కియ్యాలె పెద్దమ్మా" అని పంపేశారు. సరే, సూదితో పోకపోతే చేతితో పోతుంది కదా అని కిటికీలో కుండీకి మూడు రోజులు ఉత్త చేతులతో నీళ్ళు పోసింది. మొక్క ఆమెదయింది. నాలుగోనాడు కొత్త మొగ్గ విచ్చింది. తెల్లగా విచ్చింది. ఉడికిన కోడిగుడ్డంత తెల్లగా. చంద్రమ్మ దాని ముందు కూర్చుని, నాలో ఇంకేం మిగల్లేదా అని ఏడ్చింది. ఖాళీ చేతి దగ్గర ఆ మొక్క ఆగదు, పాత చేతికే మళ్ళుతుంది. రెండు రోజులకు ఆ తెల్లపువ్వు అంచుల నుంచి ఎర్రబడడం మొదలైంది, ఆ పొద్దున్నే స్వప్న నల్లా దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది.

ఆ వారమే మధుకర్ కనురెప్పలు చూడడానికి వచ్చాడు. చంద్రమ్మది చూసి, రెండో కంటి రెప్ప కూడా లాగి చూశాడు. మంచివాడే. "మీరిక పూర్తిగా మానేయండి చంద్రమ్మగారూ. మళ్ళీ పిలవడం ఉండదండి. కొత్తామెకు నాలుగు రోజులు పని నేర్పి వెళ్ళండి" అన్నాడు.

కొత్తగా వచ్చినామె పేరు అనూష. ముప్పై రెండేళ్ళు, నారాయణపేట దగ్గర ఊరు. ఇద్దరు పిల్లల్ని తల్లి దగ్గర వదిలి వచ్చి కొత్తగూడలో చెల్లెలితో ఉంటోంది. గట్టి ఒళ్ళు, గట్టి చేతులు. కనురెప్ప లాగి చూసి మధుకర్ తృప్తిగా తలాడించాడు. ఒక పూటలోనే పనంతా పట్టేసింది. మధ్యాహ్నం సద్ది విప్పి తన రొట్టెలో సగం చంద్రమ్మ ముందు పెట్టింది. స్వప్న సంగతి, రక్తం సంగతి అడిగి తెలుసుకుని, ఏం ఫికర్ చేయొద్దు పెద్దమ్మా, దేవుడున్నడు అంది. కుండీ సంగతి మాత్రం చంద్రమ్మ చెప్పలేదు.

రెండో రోజు పొద్దున చంద్రమ్మ కుండీని గోనెసంచిలో పెట్టుకుని ఆటో ఎక్కింది. మీటింగు గది పక్కన మూలలో, మిగతా కుండీల వరసలో పెట్టింది. అనూష వచ్చి చెంబు పట్టుకుని ఒక్కొక్క మొక్క దగ్గరా వంగుతూ వరస చివరికి వచ్చి ఆగింది.

"ముప్పై అన్నరు గద పెద్దమ్మా. ముప్పై ఒకటున్నయి."

చంద్రమ్మ నేల తుడుస్తున్నట్టు వంగింది. నిజం చెప్పేద్దామనే అనుకుంది. నిజంగానే అనుకుంది. కానీ నల్లా దగ్గర పడిపోయిన కూతురు కళ్ళ ముందు మెదిలింది.

"అది గూడ నీదే బిడ్డా" అంది.

మూడు రోజులు కావాలి. మర్నాడు చంద్రమ్మ అందరికన్నా ముందు వచ్చి, కుండీని వెనక్కి తీసుకుపోదామని రెండు చేతులా ఎత్తింది. ఇంతలో లిఫ్టు తెరుచుకుని అనూష వచ్చి, "నువ్వెందుకు మోస్తున్నవు, శాతగాని మనిషివి" అంటూ కుండీని చేతుల్లోంచి అందుకుని యథాస్థానంలో పెట్టి నీళ్ళు పోసింది. ఆ మర్నాడు, నీళ్ళు పోసే మూడో రోజున, చంద్రమ్మ అసలు అటు చూడలేదు. అద్దాల్లోంచి కనపడే రోడ్డు మీద మెట్రో వైపు చూస్తూ ఉండిపోయింది. సాయంత్రం మధుకర్ ఆమె దగ్గర ఐడీ కార్డు తీసుకుని, లెక్క చూసి మిగిలిన జీతం చేతిలో పెట్టాడు.

స్వప్న రక్తం వారానికి ఏడయింది, తర్వాత ఎనిమిదిన్నర, నెల తిరిగేసరికి పది దాటింది. డాక్టరమ్మ బీట్‌రూట్ల మహిమ అంది. ఆడపిల్ల పుట్టింది, రెండు కిలోల ఎనిమిది వందలు. రక్తం ఎక్కించే పనే పడలేదు. అనిల్ ఆస్పత్రి అంతా మిఠాయి పంచాడు. చంద్రమ్మ తన ముక్కను కొంగున ముడి వేసుకుంది.

పురుడై పదకొండో రోజున అనూష వచ్చింది. మూడో అంతస్తుకు మెట్లెక్కి గుమ్మంలో ఆగి, తలుపు పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది. సంచిలోంచి కిలో ఖర్జూరాలు, అంజీర్ పొట్లం తీసి, పిల్లతల్లికి రక్తం పడుతుందని స్వప్న చేతిలో పెట్టింది. కింద చాప మీద కూర్చుని పాపను ఒళ్ళోకి తీసుకుంది.

"ఎంత ఎర్రగ ఉందో సూడు పెద్దమ్మా. దానిమ్మ పండే" అంది.

చంద్రమ్మ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి అందించింది. అనూష గోళ్ళు ఉల్లిపొరల్లా ఉన్నాయి. పువ్వుల సంగతి ఆమే చెప్పుకొచ్చింది. మీటింగు గది పక్కన మూల కుండీ ఉంది గద, దానికి పద్దెనిమిది పూలు పూసినయట. మధుకర్ సార్ ఫొటో తీసి పెద్దోళ్ళకు పంపిండట, ముప్పై లెక్క పక్కన పెట్టి ఇంకో అంతస్తు కూడా ఆమెకే ఇస్తామన్నరట. ఇద్దరు పిల్లలకూ బడి ఫీజు కట్టుకోవచ్చని ఆమె సంబరపడింది. అయితే ఈ మధ్య రెండు మెట్లెక్కితే దమ్ము వస్తోందట, పొద్దున లేస్తే కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయట.

"నీకు గూడ గిట్లనే అయ్యేదా పెద్దమ్మా?" అని అడిగింది.

స్వప్న తల్లి వైపు చూసింది. పాప అనూష ఒళ్ళో హాయిగా నిద్రపోతోంది.

"కొత్తల గట్లనే ఉంటది బిడ్డా" అంది చంద్రమ్మ. "అలవాటయితది."