సుద్దగీతల కారు

పొద్దున ఎనిమిది కాకముందే రహ్మాన్ షెడ్డులో సుత్తి చప్పుడు మొదలయ్యేది. చిట్యాలలో సొట్టపడిన బండి ఏదైనా, ఆటో కానీ ట్రాక్టరు ట్రాలీ కానీ, ఆఖరికి ఆయన దగ్గరికే రావాలి. సొట్ట తీశాక కంటితో చూసి సరేననే మనిషి కాదు. పాత బనీను గుడ్డ అరచేతి కింద వేసుకుని, కళ్లు మూసుకుని, రేకు మీద మెల్లగా చెయ్యి జరిపేవాడు. కళ్లు అబద్ధం చెప్తాయి, చెయ్యి చెప్పదు అనేవాడు. ఇంత పనితనం ఉన్నా ఊరు ఆయన్ని రేకుల రహ్మాన్ అనే పిలిచేది. ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకునేది.

ఆయనకు ఒక్కతే కూతురు, కహ్కషాన్. ఏడో తరగతి వేసవి సెలవుల్లో ఆ పిల్ల షెడ్డు ముందున్న సిమెంటు గచ్చు మీద సుద్దముక్కతో ఒక కారు గీసింది. నిజం కారంత పెద్దది. మధ్యాహ్నానికి ఆ గీతల లోపల నీడ పడింది. పక్కింటి కోడి పిల్లలన్నిటినీ వెంటేసుకొచ్చి అందులో పడుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. మే నెల ఎండలో నీడ దొరికితే కూర్చోవడమే తప్ప, అది ఎక్కడినుంచి వచ్చిందని అడిగే ఓపిక ఎవరికుంటుంది? ఎదురుగా కూరగాయలమ్మే గట్టమ్మ మాత్రం, రేపు జర పెద్దగ గీయి బిడ్డా, నా గంప గూడ పట్టాలె అంది.

అప్పటినుంచి గట్టమ్మ దుకాణం ఆ నీడలోనే. సాయంత్రం తల్లి ఖైరున్నీసా గచ్చు కడిగేస్తే కారు పోయేది, తెల్లారి కహ్కషాన్ ఇంకోటి గీసేది. ఏళ్లు గడిచేకొద్దీ గీత ఎంత కుదిరిందంటే, నీడలో కూర్చుంటే వీపుకు ఆనుకునే సీటు కూడా తగలసాగింది. దానితోపాటు గట్టమ్మ ఫిర్యాదులూ పెరిగాయి. గడప ఎత్తుంది, కాలు లేవట్లేదు. సీటు లోతుంది, లేస్తుంటే మోకాలు పట్టేస్తోంది. ఉట్టి నీడకు ఇన్ని వంకలా అని షెడ్డులో వాళ్లు నవ్వేవాళ్లు. కహ్కషాన్ నవ్వేది కాదు. వినేది, తుడిచేది, మళ్లీ గీసేది.

ఇంటర్ అయిపోయింది. వరంగల్ దిక్కు ఒక కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్ సీటొచ్చింది. రహ్మాన్ షెడ్డుకొచ్చిన ప్రతి బండివాడి నోట్లో మిఠాయి పెట్టాడు. శుక్రవారంలోగా వెళ్లి టీసీ ఇచ్చి చేరాలి. టీసీ ఒకసారి కాలేజీవాళ్ల చేతికి పోతే నాలుగేళ్ల చదువు ముగిసేదాకా తిరిగి రాదని ఊళ్లో చదువుకోనివాళ్లకు కూడా తెలుసు.

కహ్కషాన్ మనసు అక్కడ లేదు. ఇంజను ఎట్లా నడుస్తుందో కాదు, దాని చుట్టూ మనిషి ఎట్లా కూర్చోవాలి, తలుపు ఎంత తెరుచుకోవాలి, బయటి ఒంపు ఎట్లా ఉండాలి, అవి చెప్పే చదువు ఒకటుందని ఆమె ఫోన్లో చూసింది. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల డిజైన్ కోర్సు. తల్లికి మాత్రమే చెప్పి రాత పరీక్ష రాసింది, అందులో నెగ్గింది. రెండో పరీక్ష గురువారం హైదరాబాదులో. వచ్చేటప్పుడు మీరు గీసిన బొమ్మలు తీసుకురండి అని ఉత్తరంలో ఉంది. ఆమె బొమ్మలన్నీ ఖైరున్నీసా చీపురుతో కాలువలో కలిసిపోయాయి.

ఫిజిక్స్ చెప్పిన జగపతి సారును అడిగితే, డిజైనంటే జాకెట్ల మీద మగ్గం పని కదమ్మా, కార్లు కావాలంటే మెకానికలే అన్నారు. మంచి మనిషే పాపం. ఇరవై ఏళ్లుగా లెక్కల పిల్లలందరినీ ఒకటే బస్సెక్కించారు, ఇంకో బస్సు ఉంటుందని ఆయనకు తోచలేదు.

చివరికి తండ్రికీ సంగతి చెప్పింది. రహ్మాన్‌కు కోపం రాలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధయింది. "నేను జిందగంత బండి బయటనే ఉండిపోయిన బేటీ," అన్నాడు. "నువ్వన్న లోపలికి పో. మళ్ల గీ రేకుల పనికి చదువెందుకు?"

ఆ రాత్రంతా ఏడ్చింది. బుధవారం పొద్దున కళ్లు కడుక్కుని గచ్చు మీద ఇంకో కారు గీసింది. తనకు తెలిసిందంతా అందులో పెట్టింది. గట్టమ్మ వచ్చి దేన్నీ పట్టుకోకుండా లోపలికి కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది. తర్వాత షెడ్డు వైపు తిరిగి, "రహ్మాన్, జర గిటు రా," అంది. "నాకు మోకాళ్లున్నయన్న సంగతే మర్సిపోయిన."

రహ్మాన్ చేతిలో బనీను గుడ్డతో అట్లాగే వచ్చాడు. ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ గుడ్డ అరచేతి కింద వేసుకుని కళ్లు మూసుకున్నాడు. సుద్దగీత మీద గాలిలో చెయ్యి జరిపాడు. ముందు భాగం నుంచి తలుపు దాకా, తలుపు నుంచి వెనక దాకా, చెయ్యి మెల్లగా లేచింది, వాలింది. పావుగంట పట్టింది. కళ్లు తెరిచేసరికి తడిగా ఉన్నాయి.

"ముప్పై ఏండ్ల సంది చూస్తున్న," అన్నాడు. "ఒక్క సొట్ట లేని బండి గిదే."

చేతులు కడుక్కుని, హైదరాబాదుకు మొదటి బస్సు ఎన్ని గంటలకని అడిగాడు.

గురువారం పరీక్షలో ఒకటే ప్రశ్న. మీకు తెలిసిన ఒక మనిషి కోసం ఒక బండి గీయండి. పిల్లలంతా రంగు పెన్సిళ్లు, లావుపాటి ఫైళ్లు తీశారు. కహ్కషాన్ లేచి, బయట వాకిట్లో గీస్తానని అడిగి, సుద్దముక్క పట్టుకెళ్లింది. ఆమె గీయడం అయ్యాక ఎర్రటి ఎండలో ముగ్గురు పరీక్షకులు బయటికొచ్చారు. వాళ్లలో చేతికర్రతో నడిచే శైలజ మేడం నేరుగా వచ్చి నీడలో కూర్చుంది. లేచి చూసింది, మళ్లీ కూర్చుంది. కర్రను పక్కన పెట్టింది.

"తలుపు ఇంత వెడల్పు ఎందుకు?"

"గట్టమ్మవ్వ ముందుగాల గంప పెట్టి, తర్వాత కూసుంటది మేడం."

"ఎవరు నేర్పారు నీకు?"

"ఒంపులు మా అబ్బా. మోకాళ్లు గట్టమ్మవ్వ."

మిగతా పిల్లల ఇంటర్వ్యూలు కూడా ముగ్గురూ ఆ నీడలోనే కూర్చుని చేశారు. అంత హాయిగా ఉంటే లేవాలని ఎవరికనిపిస్తుంది? గేటు బయట నిలబడి చూస్తున్న రహ్మాన్‌కు పొద్దుటినుంచి ఏమీ తినలేదన్న సంగతే గుర్తులేదు.

సాయంత్రం గోడకు జాబితా అంటించారు. మొదటి పేరు కహ్కషాన్‌దే. రహ్మాన్ చదివి నమ్మలేకపోయాడు. జేబులోంచి బనీను గుడ్డ తీసి, కళ్లు మూసుకుని, ఆ పేరు మీద అరచెయ్యి జరిపాడు. అప్పుడు నమ్మాడు.

ఆ కాలేజీ ఆఫీసులో గుమాస్తా, రహ్మాన్ వెంట తెచ్చిన టీసీ అందుకోబోతూ ఆగాడు. "ఆలోచించుకున్నారా పెద్దాయనా? ఒకసారి ఇస్తే నాలుగేళ్ల దాకా వాపస్ రాదు."

"రావద్దనే ఇస్తున్న సార్," అని రహ్మాన్ రెండు చేతులతో కాగితం అందించాడు.