సొరుగుల దొంగ

సొరుగు మళ్లీ ఖాళీ!

యెరిత్సా గిన్నె కింద పెట్టి పక్క సొరుగు లాగింది. అడుగున నాలుగు పుప్పొడి గింజలు, అంతే. ఇద్రియా కొండవాలున ఉన్న వాళ్ల తేనెటీగల కొట్టంలో కొద్దిరోజులుగా ఇదే వరస. పెట్టె గుమ్మానికి జల్లెడ బిగిస్తే, దూరి వచ్చే ఈగ కాళ్ల నుంచి పుప్పొడి ఉండలు రాలి సొరుగులో పడాలి. చెస్ట్‌నట్ చెట్లు విరగబూసిన ఈ రోజుల్లో పడకపోవడమేమిటి?

ఎవరో ఊడ్చుకుపోతున్నారు!

చలికాలపు జ్వరం తగ్గినప్పటి నుంచి మామగారు లోవ్రోకి తిండి సయించడం లేదు. మాంసం వద్దు, గుడ్డు వద్దు. పెరుగులో నానబెట్టిన చెంచాడు పుప్పొడి ఒక్కటే నోట పెట్టుకుంటున్నాడు. "మందు కాదుగానీ మాంసకృత్తులున్న మంచి తిండి. ముందు అదైనా తిననివ్వు" అంది డాక్టరమ్మ. ఇంట్లో పాత సీసా అడుగంటింది.

నేరుగా పక్కింటి వింకో దగ్గరికి వెళ్లింది. అతను రొట్టె మీద తేనె రాసి, పైన పుప్పొడి చల్లుకుంటున్నాడు.

"ఎక్కడిది బాబాయ్ అది?"

"నా ఈగలు తెచ్చింది. ఏం, నీ ఈగల సంతకం కనిపించిందా?"

"నా సొరుగులు ఎవరో ఖాళీ చేస్తున్నారు."

"ఈ పొట్టేసుకుని నీ కొండెక్కుతానటే? పద, రేపు తెల్లారేసరికి కాపు కాద్దాం."

మర్నాడు ఇద్దరూ కొట్టంలో నక్కారు. వెలుగు రేకలు విచ్చుకునేసరికి బయట గడ్డిలో అడుగుల చప్పుడు. వింకో పార అందుకున్నాడు. యెరిత్సా తలుపు తోసుకుని బయటికి దూకింది.

పెట్టెల ముందు, పైజామా మీద కోటు తొడుక్కుని, లోవ్రో! చేతిలో గిన్నె లేదు, సంచి లేదు. ఒక్కో జల్లెడా పైకెత్తి పెడుతున్నాడు.

"మామయ్యా!"

"అరవకు, ఈగలు బెదురుతాయి. ఇన్నాళ్లుగా ఒక్కరోజైనా జల్లెడ తీశావుటే? కొన్నాళ్లు పెట్టి కొన్నాళ్లు తియ్యాలని తెలీదూ? వాటి పిల్లలకి పుప్పొడే తిండి. వాటి నోటి దగ్గరిది లాక్కుని నాకు పెడతావా?"

"మరి సాయంత్రం దించే ఉంటున్నాయి కదా!"

"నువ్వు బేకరీలో పని ముగించుకుని వచ్చేలోపు నేనే దించుతున్నా."

వింకో పార పక్కన పడేసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "సొంతదారులైన ఈగలే తినేశాయన్న మాట!"

"నాకు చెప్పొచ్చుగా మామయ్యా?"

"చెబితే, 'మీరు పడుకోండి, అన్నీ నేను చూసుకుంటా' అంటావు."

నిజమే, అనేదే. మీ కోసమే కదా జల్లెడలు తియ్యలేదు అందామనుకుని ఆగిపోయింది. అప్పుడు తట్టిందామెకి. మంచం దిగడానికే ఆయాసపడుతున్నాడనుకున్న మనిషి రోజూ రెండుసార్లు ఈ కొండెక్కి దిగుతున్నాడు!

"జల్లెడలు కొన్నాళ్లు ఎత్తే ఉంచుదాం" అంది. "కానీ అంతవరకు మీరేం తింటారు?"

లోవ్రో ఆఖరి జల్లెడ కూడా ఎత్తి, నడుం నిటారు చేశాడు.

"గుడ్లు వేయించు. పైన పంది కొవ్వు వేపుడు దండిగా చల్లు. పొద్దున్నే కొండెక్కితే ఆకలెయ్యదుటే?"