తుంగకుంటలో స్వాగతం

తుంగకుంటను పూడ్చి మామిడికాయల లారీలు నిలుపుకోవడానికి ఇమ్మని పక్కనున్న గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. కుంట పోతే ముందుగా ఎండేది మా నాగులమ్మ పెద్దమ్మ బావి. కుంట కట్టకు ఇరవై అడుగుల దూరంలో ఉందది. ఆ నీళ్ళ మీదే ఆమె ఎకరన్నర చేను, రెండు ఆవులు బతుకుతున్నాయి. పెదనాయన పోయాక ఆమెకు మిగిలింది అంతే.

ఊరంతా ఆమె వెనక నిలబడింది. ఆమె ముందు మాత్రం ఎల్లప్ప చిన్నాయన నిలబడ్డాడు. పెద్దమ్మకు సొంత మరిది. నలుగురు చేరితే మాట్లాడకుండా ఉండలేడు. అతని వెంటే ఒక సోమవారం చిత్తూరు పోయి కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చి వచ్చాం. ఒకరి బావి గురించి రాస్తే బరువుండదనీ, కుంటలోని తుమ్మచెట్ల మీద ఏటా కార్తీకంలో వాలే నత్తగుల్ల కొంగల గురించి రాయమనీ అక్కడి గుమస్తా ఒకాయన సలహా ఇచ్చాడు. అట్లాగే రాశాం.

పది రోజులకు జవాబొచ్చింది. గురువారం పొద్దున అటవీశాఖ ఆఫీసరు గిరిప్రసాద్ గారు వచ్చి చూస్తారు. కొంగలుంటే ఉన్నాయని రాస్తారు, ఫ్యాక్టరీ అర్జీ ఆగిపోతుంది. లేకపోతే ఉత్త బంజరని రాస్తారు.

ఆఫీసరు వస్తుంటే ఊరికే ఎట్లా ఉంటామని చిన్నాయన బయలుదేరాడు. షామియానా, కుర్చీలు, బంగారుపాళ్యంలో కొట్టించిన నాలుగు ఫ్లెక్సీలు. ఫ్లెక్సీలో ఎవరి ముఖం ఎంత ఉండాలనే దగ్గర రెండు రోజులు గడిచాయి. చివరికి పద్నాలుగు ముఖాలు తేలాయి. నల్లద్దాలు పెట్టుకుని దండం పెడుతున్న చిన్నాయన నడిమధ్యన ఉన్నాడు. కొంగకు జాగా చాల్లేదు. అంచున వేలెడంత సందులో, కంప్యూటర్లో దొరికిందని అంగడాయన ఒక హంసను పెట్టాడు. ఆఫీసరు ఏ దిక్కు నుంచి చూసినా కనపడాలని బుధవారం సాయంత్రం నాలుగింటినీ కుంట చుట్టూ తుమ్మచెట్లకు బిగించి కట్టారు.

గురువారం తెల్లవారేసరికి కుంటలో ఒక్క కొంగ లేదు.

ఫ్యాక్టరీ వాళ్ళే ఏదో చేసి ఉంటారని చిన్నాయన ఊగిపోయాడు. పెద్దమ్మ కట్ట మీద కూర్చుని గాలికి పటపటా కొట్టుకుంటున్న ఫ్లెక్సీలను చాలాసేపు చూసింది.

"ఎల్లప్పా, పోయినేడు నీ మామిడితోపులో చిలకలు పడతాండాయని ఏం కట్టినావు?"

"పాత ఫ్లెక్సీలు. ఓడిపోయిన సర్పంచివి. ఎందుకొదినా?"

"చిలకలు నిలిచినాయా?"

"ఒక్కటి నిలిస్తే ఒట్టు," అని గర్వంగా అని, చిన్నాయన అక్కడే ఆగిపోయాడు. తన ముఖం వైపు చూసుకున్నాడు. నల్లద్దాలు ఎండకు మెరుస్తున్నాయి.

ఇంతలో జీపు రానే వచ్చింది. గిరిప్రసాద్ గారు సన్నగా, తొందరలో ఉన్న మనిషి. పాకాలలో ఇంకో పనుందట. దండ వేయించుకోకుండానే కుంట వైపు నడిచి, పక్షులేవని అడిగారు. మేతకు పోయాయని ఒకరు, ఏకాదశి కదా అని ఇంకొకరు చెప్పారు. కనపడిందే రాస్తానని ఆయన పెన్ను తీశారు.

పెద్దమ్మ ఆయన ఎదుటికి వచ్చి నిలబడింది.

"మేమే తరిమేసినాము సార్. మీకు మర్యాద చెయ్యాలని మా తోపుల్లో చిలకల్ని తోలేదాన్ని తెచ్చి ఈడ కట్టినాము. అవి ఇప్పేసి గమ్మున కూర్చుంటే వస్తాయి. ఒక్క గంట ఉండండి సార్."

ఆయన ఫ్లెక్సీల వైపు, వాటి కింద నిలబడ్డ అవే ముఖాల వైపు మార్చి మార్చి చూశారు. నవ్వు ఆపుకోవడానికి కాబోలు, గడియారం చూసుకున్నారు. పదకొండు దాకా ఉంటానన్నారు.

ఫ్లెక్సీలు విప్పారు. షామియానా దించారు. చిన్నాయన తన ముఖాన్ని తానే నాలుగు మడతలు పెట్టి కంపచెట్ల వెనక దాచాడు. తర్వాత అందరం కట్టకు ఇవతల, తలలు పైకి కనపడకుండా వరసగా కూర్చున్నాం.

మా ఊళ్ళో యాభై మంది ఒకచోట మాట్లాడకుండా కూర్చోవడం నేను పుట్టాక చూడలేదు. పెళ్ళిలో అయ్యవారు మంత్రం చదువుతున్నా మాట్లాడేవాళ్ళే. పావుగంటకు ఒకామెకు దగ్గొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. వసంతమ్మక్క ఫోను గోవిందనామాలు మొదలుపెడితే, ఆపడం చేతగాక దాని మీదే కూర్చుంది. గోవిందుడు కింది నుంచి సన్నగా వినిపిస్తూ ఆగిపోయాడు. చిన్నాయన తువ్వాలు మడిచి నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. పెద్దమ్మ మాత్రం రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆకాశమే చూస్తోంది.

పదిన్నర దాటింది. ఆఫీసరు రెండుసార్లు గడియారం చూసుకున్నారు.

అప్పుడు ఫ్యాక్టరీ గొట్టం అవతల నుంచి ఒకటి వచ్చింది. కుంట మీద రెండు చుట్లు తిరిగి, చివరి చెట్టు మీద వాలి, చాలాసేపు అనుమానంగా చూసింది. తర్వాత మూడు. తర్వాత ఒక గుంపు. గిరిప్రసాద్ గారు పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టారు. నలభై ఏడు. ఒకటి ముక్కున పుల్ల పట్టుకుని వచ్చి కొమ్మల మధ్య అమర్చింది. గూడు కడుతున్నాయని కూడా ఆయన రాసుకున్నారు. జనవరిలో పైఆఫీసరుతో మళ్ళీ వస్తాననీ, అంతవరకూ కుంట మీద ఎవరూ చెయ్యి వేయలేరనీ గుసగుసగా చెప్పారు. సాక్షి సంతకం ఎవరిదని అడిగితే, చిన్నాయన తువ్వాలు తీయకుండానే పెద్దమ్మ వైపు చూపించాడు. ఆమె కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ పేరు రాసింది.

ఇక బయలుదేరాలి. డ్రైవరు తాళం తిప్పబోతే యాభై చేతులు ఒక్కసారిగా అడ్డం లేచాయి. పాత జీపు, స్టార్టయితే ఊరవతలికి వినిపిస్తుంది. ఆఫీసరును లోపల కూర్చోబెట్టి, అందరం కలిసి దాన్ని చప్పుడు లేకుండా తారురోడ్డు దాకా తోసుకుపోయాం. దిగి తానూ తోస్తానని ఆయన రెండుసార్లు అన్నారు గానీ ఎవరూ ఒప్పుకోలేదు.

పెద్దమ్మ మాతో రాలేదు. పది అడుగులు తోసి, కరెంటు పోయేలోగా చేనుకు నీళ్ళు పెట్టాలని బావి దగ్గరికి వెళ్ళిపోయింది. మేం రోడ్డెక్కేసరికి మోటారు చప్పుడు మొదలైంది. అందరం ఉలిక్కిపడి వెనక్కి చూశాం. కొంగలు ఒక్కటీ కదల్లేదు. వాటికది ఏనాడో అలవాటైన చప్పుడు.