రెండు వణుకుల మధ్య ఒక పేరు

నేను ఒక పేర్లు కొట్టే మిషన్ని. అరచేతిలో ఇమిడే ఒళ్ళు, కొసన సూది మొన, వెనక తోకలా కరెంటు తీగ. కొత్త స్టీలు గిన్నె కొన్నప్పుడు అంచు కింద మీ పేరు వేయించుకుంటారు చూడండి, ఆ రాత నాది. స్విచ్చి నొక్కితే జుయ్యిమని వణుకుతాను. వణకడమే నా వృత్తి. పట్టుకున్న చెయ్యి నిలకడగా ఉంటే నా వణుకు అక్షరమవుతుంది. ఆ చెయ్యి కూడా వణికితే ఏమవుతుందో మాత్రం నన్ను తయారుచేసినవాళ్ళు ఆలోచించలేదు.

శుభవార్త వచ్చినప్పుడు నేను భద్రాచారి కుడిచేతిలో ఉన్నాను. పాలకొల్లు బజారులో పాండురంగారావుగారి స్టీలు సామాన్ల కొట్టు అది. షావుకారు ఫోను పెట్టేసి గల్లాపెట్టె మీద దరువేశాడు.

“ఆచారీ, పెళ్ళి ఆర్డరొచ్చిందయ్యా. అయిదొందల మూత గిన్నెలు. వచ్చినవాళ్ళకి తలా ఒకటి పంచుతారంట. ప్రతిదాని మీదా హైమవతి, రఘువీర్ అని ఇద్దరి పేర్లూ పడాలి. పది రోజుల్లో ఇచ్చెయ్యాలి.”

భద్రాచారి నవ్వాడు. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే చెయ్యి వణికింది. అప్పుడు నేనొక చిన్న గ్లాసు మీద ‘సుశీల’లో ‘శ’ చుడుతున్నాను. ఆ సున్న విచ్చుకుపోయి, తేలు తోకలా గ్లాసు అడుగుదాకా గీత పడింది.

మందు మానేసి ఆ రోజుకి అతనికి తొంభై మూడు రోజులు.

ఇతని చేతికి రాకముందు నా బతుకు చెప్పుకోదగ్గది కాదు. ఎక్కడో ఉత్తరాదిన రేకుల షెడ్డులో పుట్టాను. మొదట ఒక ప్రభుత్వ ఆఫీసులో చేరి కుర్చీలకీ ఫ్యాన్లకీ నంబర్లు వేశాను. నంబరు ఉంటే పోవని వాళ్ళ నమ్మకం. సగం ఫ్యాన్లు నంబర్లతో సహా పోయాయి. ఆ తరవాత నన్నూ వేలం వేశారు. షావుకారు కొని భద్రాచారి చేతిలో పెట్టాడు. పద్దెనిమిదేళ్ళ కిందటి మాట.

ఈ కొట్టులో నేను మనుషుల్ని చదివాను. గిన్నె మీద వాళ్ళకున్న ప్రేమ కన్నా పక్కింటివాళ్ళ మీద అనుమానం ఎక్కువ. కానుకలైతే ఇచ్చినవాళ్ళ పేరు పెద్దక్షరాల్లో, పుచ్చుకున్నవాళ్ళ పేరు చోటు మిగిలితే. కొత్తగా కాపురం పెట్టిన జంట వస్తే మాత్రం నాకు పండగే. రెండే రెండు గ్లాసులు కొని, దేని మీద ఎవరి పేరని అరగంట తగువులాడుకుంటారు. చివరికి అతని గ్లాసు మీద ఆమె పేరు, ఆమె గ్లాసు మీద అతని పేరు వేయించుకుని, స్టిక్కరు ఎవరు పీకాలని మళ్ళీ మొదలుపెడతారు.

భద్రాచారి రాత ముత్యాల సరం అనేవారు. తెలుగు అక్షరం అంతా వంపులే కదా, ఎక్కడ చెయ్యి తడబడినా దాచుకోవడానికి చోటుండదు. అతను తడబడేవాడు కాదు. పొద్దున్నే క్వార్టరు సీసాలో సగం పడ్డాక ఆ చెయ్యి రాయిలా నిలిచేది. కొట్టంతా వాసన కొట్టేది. అక్షరం గుండ్రంగా ఉన్నంతకాలం ఆ వాసన ఎవరికీ తగల్లేదు.

ఒక సంగతి దాచను. ఒకరోజు మధ్యాహ్నం సీసాకి డబ్బుల్లేక అతను సంచిలో తన ఇంటి బిందె తెచ్చాడు. దాని మీద ‘భ్రమరాంబ’ అని ఉంది, అతని భార్య పేరు. పెళ్ళినాడు పుట్టింటివాళ్ళు వేయించి ఇచ్చారు. పేరున్న సామాను బయట ఎవరూ కొనరు, దొంగసొత్తు అనుకుంటారు. నన్ను అడ్డంగా పట్టుకుని ఆ పేరు గీకేశాడు. బిందె తరవాత గంగాళం, గంగాళం తరవాత పళ్ళాలు. ఊళ్ళో అందరి పేర్లూ రాసినదాన్ని, నేను చెరిపింది ఒక్క ఆమె పేరే.

తరవాత కామెర్లొచ్చి పదకొండు రోజులు ఆస్పత్రిలో పడి లేచాడు. ఇక తాగలేదు. తాగకపోవడంతో కథ సుఖాంతమైందని మీరనుకుంటారు. ఊరూ అలాగే అనుకుంది. డాక్టరమ్మ మాత్రం, “మందు మానేసిన సంగతి మీకు తెలుసు ఆచారిగారూ, మీ నరాలకింకా తెలీదు. నెలలు పట్టొచ్చు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. కంగారుపడి వెనక్కెళ్ళకండి,” అని చెప్పిందట. ఆ మాట అతను రోజుకోసారి పైకి అనుకునేవాడు, మంత్రంలా.

నరాలకి నిజంగానే తెలియలేదు. ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా తడిసి వీపుకి అంటుకునేది. పక్క కొట్టు షట్టరు ధడేలుమంటే ఎగిరిపడేవాడు. నా చప్పుడే తలలో కందిరీగల్లా తిరుగుతోందని చెవుల్లో దూది పెట్టుకునేవాడు. పేరు మధ్యలో తరవాతి అక్షరం మరిచిపోయి చీటీ వంక చూసేవాడు. నాలుక పీకినప్పుడల్లా జేబులోంచి పప్పుచెక్క తీసి కొరికేవాడు. అన్నిటికీ మించి ఆ వణుకు. అతను వణుకుతూ, నేను వణుకుతూ, మా ఇద్దరి మధ్య గిన్నె మొహం గీతలు పడిపోయేది.

“పొద్దున్నే మొదలెట్టేశాడు,” అనేవారు కొనడానికొచ్చినవాళ్ళు. తాగినన్నాళ్ళూ అనని మాట, మానేశాక అన్నారు. భ్రమరాంబ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి, చెమట తుడిచే వంకతో అతని మెడ దగ్గర ముక్కు పెట్టేది. అతనికి తెలుసు. తల వంచి తుడిపించుకునేవాడు.

పెళ్ళి గిన్నెలు మొదలయ్యాయి. తొలి రోజు ఇరవై కొడితే పద్నాలుగు పాడయ్యాయి. ‘హై’ అంటే పడగెత్తిన పాములా వచ్చింది, ‘ఘ’ అంటే నలిగిన జిలేబీలా. నాలుగో రోజు షావుకారు ఒక కాగితప్పొట్లం తెచ్చి, నన్ను దాచే సొరుగులోనే నా పక్కన పెట్టాడు. పొట్లంలో క్వార్టరు సీసా ఉంది.

“మందనుకోకు, వైద్యం అనుకో,” అన్నాడు గొంతు తగ్గించి. “ఈ అయిదొందలూ అయ్యేదాకా. తరవాత నేనే మానిపిస్తాను.”

“వద్దండి.”

“చెయ్యి నిలబడకపోతే నీకు పనెలా ఇమ్మంటావు? నువ్వే చెప్పు.”

భద్రాచారి సొరుగు తెరిచి మా ఇద్దర్నీ చూస్తూ నిలబడ్డాడు. నుదుటి మీంచి ఒక చెమట బొట్టు జారి నా మీద పడింది.

ఇక్కడ నా సంగతీ ఒప్పుకోవాలి. అతను తాగాలని నేనూ కోరుకున్నాను. ఆ రాయిలాంటి చెయ్యి, అందులో నేను నీళ్ళలా తిరిగిన రోజులు కావాలనిపించింది. అతని కాలేయంతో నాకేం పని? షావుకారుకీ నాకూ పెద్ద తేడా లేదు. ఇద్దరికీ అక్షరమే కావాలి.

చెయ్యి సొరుగులోకి వచ్చింది. వేళ్ళు సీసా మూత మీద ఆగాయి. ఎంతసేపో చెప్పలేను, మూత మాత్రం సన్నగా టకటకలాడింది, పళ్ళు కొట్టుకున్నట్టు. ఆ వేళ్ళు సీసానీ నన్నూ దాటి, అడుగున తుప్పు పట్టిన రేకు డబ్బాలోకి వెళ్ళాయి. అందులో వాళ్ళ నాన్న వాడిన మొన ఉలి, చిన్న సుత్తి ఉన్నాయి. కరెంటు లేని రోజుల్లో ఇత్తడి గిన్నెల మీద చుక్క పక్కన చుక్క పెట్టి పేర్లు కొట్టిన ఉలి అది. నేను వచ్చాక దాన్ని చూసి నవ్వుకునేదాన్ని.

మణికట్టు చెక్కదిమ్మకి ఆనించి ఉలి పెట్టాడు. టక్. చెయ్యి వణికింది. ఆగాడు. మళ్ళీ టక్. నాతో రాస్తే పేరు పూర్తయ్యేదాకా చెయ్యి నిలవాలి. ఉలికైతే ఒక్క చుక్క పడేంతసేపు నిలిస్తే చాలు, తరవాత ఎంతసేపు వణికినా అడిగేవాళ్ళు లేరు. ‘హైమవతి’ అవడానికి పావుగంట పట్టింది. చెయ్యి మరీ చెప్పినమాట విననప్పుడు ఉలి కింద పెట్టి పప్పుచెక్క కొరికాడు. తరవాతి చుక్క ఎప్పుడు పెట్టాలో అతనిష్టం.

“ఇలాగైతే వాళ్ళ పిల్లల పెళ్ళికి అందుతాయి గిన్నెలు,” అన్నాడు షావుకారు. నాలుగు వందలు భీమవరంలో లేజరు మిషనున్న కొట్టుకి పంపించేశాడు. వంద మిగిల్చాడు.

పదో రోజు పెళ్ళికూతురు, వాళ్ళమ్మ వచ్చారు. తల్లి ఒక గిన్నె ఎత్తి చూసి, “ఇవేంటండీ, పొక్కుల్లా ఉన్నాయి?” అంది. ఆ పిల్ల హైమవతి బొటనవేలితో చుక్కలు తడిమింది. కళ్ళు మూసుకుని మళ్ళీ తడిమింది. “చూడక్కర్లేకుండానే నా పేరు దొరుకుతోందమ్మా,” అని నవ్వింది. రఘువీర్ పేరు మాత్రం మూడుసార్లు తడిమింది.

వాళ్ళు వెళ్ళాక షావుకారు కుర్చీలో వెనక్కి వాలాడు.

“లేజరు మిషను నేనూ కొంటున్నాను ఆచారీ. నీ చోటు దానికి కావాలి. నువ్వు బయట మెట్ల మీద కూర్చుని వచ్చినవాళ్ళకి కొట్టుకో, నేను కాదనను.” గల్లాపెట్టె వంక చూస్తూ అన్నాడు. “ఏమనుకోకు గానీ, తాగినప్పుడే బాగుండేవాడివయ్యా.”

భద్రాచారి ఉలి మొన తుడుస్తూ, “ఆయ్, అందరూ అదే అంటున్నారండి,” అన్నాడు.

“రేపు పాత సామాన్లవాణ్ణి రమ్మన్నాను. ఈ సొరుగు ఖాళీ చేసేద్దాం.”

అంటే నేనూ, నా పక్కన మూత తియ్యని సీసా. ఒకే తూకంలో పోతాం కాబోలు.

అప్పుడే భ్రమరాంబ క్యారేజీతో వచ్చింది. కొంగుతో అతని మెడ తుడుస్తూ అలవాటుగా వంగింది. అతను కదలకుండా తుడిపించుకుని, ఆమె వంక చూడకుండా అన్నాడు.

“రేపు వచ్చేటప్పుడు ఇంట్లో గిన్నెలు పట్టుకురా. నీ పేరు కొడతాను.”

ఆమె కొంగు దించింది.

“ఇంకెక్కడున్నాయి? రెండు మిగిలాయి,” అంది. “అందులో ఒకటి సత్తుది.”

“సత్తు మీదా పడుతుంది. రేపు క్యారేజీతో పాటు రెండూ తీసుకురా.”